డాక్టరమ్మ దగ్గర తాతయ్య ఫెయిలైన రోజు

మా తాతయ్యది పైకీ కిందికీ పోయే ఉద్యోగం. ముందుకు పోయే ఉద్యోగం మాత్రం కాదు. ఐదంతస్తుల మేడలో పాతకాలపు లిఫ్టుకు ఆయన ఆపరేటరు. ఇరవై రెండేళ్లుగా అదే లిఫ్టు, అదే స్టూలు. మేడలో అందరూ ఆయన్ను పెట్టె పెద్దాయన అంటారు. మా అమ్మమ్మ అయితే, "పొద్దున్నే పెట్టెలోకి పోయి చీకటి పడ్డాక బయటికొస్తాడు. బంగారాన్నయినా ఇంత భద్రంగా దాచరే" అంటుంది.

ఆ లిఫ్టుకు బటన్లు లేవు. ఒక ఇత్తడి పిడి ఉంటుంది. కుడికి తిప్పితే పైకి, ఎడమకు తిప్పితే కిందికి. జాలీ తలుపులు రెండు, ఒకటి పెట్టెది, ఒకటి అంతస్తుది. రెండూ సరిగ్గా పడితేనే కదులుతుంది. అసలు పనితనమంతా ఆపడంలో ఉంది. పిడి ఒక్క క్షణం ముందు వదిలితే పెట్టె గడప కింద ఆగుతుంది, ఒక్క క్షణం ఆలస్యమైతే గడప దాటిపోతుంది. తాతయ్య ఆపితే పెట్టె నేలా, అంతస్తు నేలా ఒకే పలకలా కలుస్తాయి. గాజు సామాను తోపుడుబండి కూడా చప్పుడు లేకుండా దొర్లిపోతుంది. ఆయన గర్వపడే విషయం అదొక్కటే. మిగతావాటికి గర్వపడదామన్నా ఆ పెట్టెలో చోటు లేదు.

నిజంగానే చోటు లేదు. వెడల్పు నాలుగడుగులు, లోతు అంతకన్నా తక్కువ. స్టూలు మీద కూర్చుంటే మోకాళ్లు రేకుకు తగులుతాయి. ఒక బల్బు ఉంది. ఫ్యాను కూడా ఉంది గానీ, తాతయ్య ఉద్యోగంలో చేరిన ఏడాదే అది పని మానేసింది. "నలుగురు మాత్రమే" అని గోడ మీద రాసి ఉంటుంది. ఎప్పుడూ ఐదుగురు ఉంటారు, ఎందుకంటే ఆయన్నెవరూ లెక్కలో వెయ్యరు. బయట వాన పడుతోందని ఆయనకు గొడుగుల వల్ల తెలుస్తుంది. ఎండ మండుతోందని జనం చొక్కా వీపుల వల్ల తెలుస్తుంది. మిగతా లోకమంతా జాలీ సందుల్లోంచి ముక్కలు ముక్కలుగా పైకి పోతూ, కిందికి పోతూ కనిపిస్తుంది.

నేను ఆ లిఫ్టుకు ఎదురుగా ఉన్న జిరాక్సు కొట్టులో పనిచేస్తాను. తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివాను. మూడోసారి కూడా చదివితే బడివాళ్లు నాకే టీచరు ఉద్యోగం ఇవ్వాల్సి వస్తుందని జాలిపడి మానేశాను. కాబట్టి ఇందులో తప్పులుంటే మిషను తప్పులనుకోండి.

తాతయ్య ఆ స్టూలు దిగకపోవడానికి కారణం మూడో అంతస్తులో ఉంటుంది. ఆ కారణం మేడ సెక్రటరీ గారు. బటన్ల లిఫ్టు పెట్టించాలని ఆయన కోరిక. పాత అద్దెదారులు కొందరు తాతయ్య మీద అభిమానంతో అడ్డుపడుతూ వచ్చారు. ఏడేళ్ల కిందట ఒకరోజు సెక్రటరీ గారు లిఫ్టులోనే, తాతయ్య వినేలాగే, పక్కాయనతో అన్నారు:

"ఫిర్యాదుల పుస్తకంలో లిఫ్టు గురించి ఒక్క ముక్క పడనివ్వండి. తర్వాత నన్నెవరూ ఆపలేరు."

ఆ రోజు నుంచీ తాతయ్య ఎవరికీ ఆ ఒక్క ముక్క రాసే అవకాశం ఇవ్వకూడదని కంకణం కట్టుకున్నాడు. లిఫ్టు ఎవరి కోసమూ ఆలస్యం కాకూడదు, అంటే ఆయన లేవకూడదు. లేవకూడదంటే నీళ్లు తాగకూడదు. పొద్దున ఇంట్లో ఒక గ్లాసు, రాత్రి ఇంట్లో ఒక గ్లాసు. మధ్యలో పన్నెండు గంటలు ఎడారి.

ఇక నాలుగో అంతస్తు సంగతి. అక్కడ ప్రకృతి వైద్యం చేసే డాక్టరమ్మ ఉంది. ఏళ్లకేళ్లు కాలేజీలో చదివి తెచ్చుకున్న పట్టా ఆమె గోడకు వేలాడుతుంటుంది. కొత్తగా ఇలాంటి వైద్యానికి వెళ్లేవాళ్లు ముందు ఆ గోడ చూడాలి, అది ఖాళీగా ఉంటే మెట్లు దిగాలి. ఈవిడ దగ్గర మట్టిపట్టీలు, ఆవిరి గది, తొట్టి స్నానాలు అన్నీ ఉన్నాయి గానీ మొదటిరోజు అవేవీ ఉండవు. మొదటిరోజంతా మాటలే. గంట, ఒక్కోసారి గంటన్నర. నిద్ర, నీళ్లు, తిండి, కడుపు, దిగులు, ఇంట్లో గొడవలు, ఏదీ వదలదు. అందుకోసం నాలుగు పేజీల కాగితం, ముప్పై ఎనిమిది ప్రశ్నలు. ఆ కాగితం జిరాక్సు తీసేది నేనే.

నేరం అక్కడ మొదలైంది. ఒకసారి ఇంకు ఎక్కువై ఒక కాపీ మసిబారింది. పారెయ్యడమెందుకని మడిచి తాతయ్యకు విసనకర్రగా ఇచ్చాను. ఆయన విసురుకుంటూ, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, పదిరోజుల్లో దాన్ని మొత్తం చదివేశాడు. నేను తొమ్మిదో తరగతి పుస్తకాన్ని అంత శ్రద్ధగా చదివుంటే నా కథ వేరేగా ఉండేది.

ఆ రోజుల్లోనే ఒక పెద్దావిడ నాలుగో అంతస్తు నుంచి ముఖం చిన్నబుచ్చుకుని దిగింది.

"రోజుకెన్ని నీళ్లు తాగుతావంటే నాకేం తెలుసు బాబూ? నేనేమైనా కొలుచుకుని తాగుతానా? వారం రోజులు చూసి, రాసుకుని మళ్లీ రమ్మంది."

తాతయ్య కరిగిపోయాడు. ఆ సాయంత్రం నాతో, "పాపం, చదువుకోకుండా పరీక్షకెళ్లిందే. ఫెయిల్ చేసి పంపించారు" అన్నాడు. ఫెయిలైన మనిషి బాధ మా ఇంట్లో అందరికీ తెలుసు కదా.

నాలుగో అంతస్తులో జాలీకి ఎదురుగా గోడ మీద ఒక పెద్ద పటం ఉంది. ఏడు గంటల నిద్ర, పన్నెండు గ్లాసుల నీళ్లు, ముద్దకు ముప్పై రెండు నములుళ్లు, పొద్దున్నే ఒకసారి సాఫీగా కడుపు కదలడం. మనిషి ఎలా ఉండాలో రాసిన పటం అది. తాతయ్యకు ప్రశ్నలు విసనకర్ర మీద దొరికాయి, జవాబులు గోడ మీద దొరికాయి. మర్నాటి నుంచి కింది నుంచి నాలుగో అంతస్తు దాకా ట్యూషను మొదలు.

"కొత్తవారా?"

"అవునండీ. మోకాళ్లు."

"మోకాళ్ల సంగతి తర్వాత. నిద్ర ఎన్ని గంటలు?"

"నాలుగో, ఐదో..."

"ఏడు అనండి. నీళ్లు?"

"దాహమేస్తే తాగుతాను."

"దాహంతో పనిలేదు. పన్నెండు గ్లాసులు. ముద్దకు ఎన్నిసార్లు నములుతారు?"

"నమిలి చాలా ఏళ్లయిందండీ, పళ్లు లేవుగా."

"ఉన్నా లేకపోయినా ముప్పై రెండు అనండి. ఇదిగో, నాలుగో అంతస్తు. గడప చూసుకోనక్కర్లేదు, సమానంగానే ఉంటుంది."

న్యాయంగా చెప్పాలంటే ఆయన చెప్పినవన్నీ తప్పుడు మాటలు కావు. "వాడే మాత్రలన్నీ డబ్బాలతో సహా పట్టుకెళ్లండి, పేరు గుర్తులేదంటే ఆవిడకు కోపం. పాత రిపోర్టులు మర్చిపోకండి. వంటింటి చిట్కాలు మింగుతున్నా చెప్పండి. గంట పైనే పడుతుంది, హడావుడి పెట్టుకోకండి. ఒక్కరోజులో తగ్గుతుందనుకోకండి." ఇవన్నీ పనికొచ్చే మాటలే. కిందికి దిగేటప్పుడు జనం చెప్పుకునేవి విని పోగేసుకున్నాడు. మనిషి మంచివాడే. పరీక్ష అనుకున్నాడు, అంతే.

ఈ ట్యూషను నడుస్తుండగానే తాతయ్య చేయి తప్పడం మొదలైంది. ఒకరోజు రెండో అంతస్తులో పెట్టె బెత్తెడు కిందగా ఆగింది. ఒక గుమాస్తా తట్టుకుని ముందుకు తూలాడు. అదృష్టం బాగుండి ఆయన తలెత్తి, "నా ధ్యాస ఫోనులో ఉంది లెండి" అని తననే తిట్టుకుంటూ పోయాడు. నేను కొట్టులోంచి పరిగెత్తుకెళ్లి, లిఫ్టు కిందికొచ్చేసరికి జాలీ పట్టుకుని నిలబడ్డాను. తాతయ్య కళ్లు మూసుకుని ఉన్నాడు.

"ఏమైంది తాతయ్యా?"

"జాలీ ఊగుతోందే. గడులన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. తల వెనక ఎవరో మేకు కొడుతున్నట్టుంది."

"లేచి బయటికి రా. కాస్త గాలి పీల్చుకో."

"ఐదో అంతస్తు గంట మోగుతోంది, తప్పుకో కోతీ" అని జాలీ లాగేశాడు. ఆయన ముఖం నుంచి పాదాల దాకా పైకి వెళ్లిపోవడం చూస్తూ నిలబడ్డాను.

ఆ రాత్రి అన్నాల దగ్గర అమ్మమ్మ ఆయన మాత్రల సంచి తెచ్చి చాప మీద బోర్లించింది. ఆయనకు రక్తపోటు ఉందని ఆసుపత్రి డాక్టరు రెండేళ్ల కిందటే రోజుకో మాత్ర రాశాడు. అమ్మమ్మకు చదువు రాదు గానీ లెక్కబెట్టడం వచ్చు. అట్టలో ఏడింటికి ఒకటి చొప్పున మాత్రమే ఖాళీ అయ్యాయి.

"ఆదివారం ఒక్కరోజే మింగుతున్నాడే మీ తాత! మిగతా ఆరు రోజులూ ప్రెషర్ సెలవు పెడుతుంది కాబోలు!"

తాతయ్య ఇంకో ముద్ద కలుపుకున్నాడు. తర్వాత నేను నిలదీస్తే అసలు సంగతి చెప్పాడు. ఆ మాత్ర మింగితే గంట గంటకూ లేవాలి. పెట్టెలో లేవడం కుదరదు. అందుకని డ్యూటీ లేని రోజే మింగుతాడు.

"మరి ఈ కళ్లు తిరగడం?"

"నాలుగో అంతస్తుకెళ్తాను. అది మాత్రల్లేని వైద్యం కదే! ఏదో ఆకో, మట్టో పెడుతుంది. ఈ మాత్ర పీడా పోతుంది."

"వచ్చినవాళ్లందరికీ మాత్రలు పట్టుకెళ్లమని చెప్పేది నువ్వే కదా?"

"అది వాళ్లకి."

"అయితే మాత్రలు మానేశానని ఆవిడకు చెప్తావా?"

"చెప్తే, నువ్వు పెట్టెలో కూర్చోవడానికి పనికిరావని రాసిస్తుంది. ఆ చీటీ మూడో అంతస్తుకు పోతుంది. నోరు మూసుకుని పడుకో."

నెలకొకసారి మెకానిక్ వచ్చి లిఫ్టు ఆపి గ్రీజు పెడతాడు. ఆ రెండు గంటలే తాతయ్యకు విడుదల. ఆ రోజుకే డాక్టరమ్మ దగ్గర వేళ అడిగి తీసుకున్నాడు. అప్పటికింకా ఐదు రోజులుంది. పెట్టెలో ఎవరూ లేనప్పుడు విసనకర్ర చూస్తూ పెదాలు కదుపుతుండేవాడు. ఏడు, పన్నెండు, ముప్పై రెండు, ఒకసారి సాఫీగా. ఏడు, పన్నెండు, ముప్పై రెండు.

ఆ మధ్యలో డాక్టరమ్మ స్వయంగా మా కొట్టుకు వచ్చింది. చేతిలో కొత్త కాగితం.

"పాతది ఇక తియ్యకమ్మా. ప్రశ్నల వరస మార్చాను."

"ఎందుకు మేడం?"

"కింది నుంచి ఎవరో నా పేషెంట్లకు పాఠాలు చెబుతున్నారు. మెట్లెక్కి వచ్చినవాళ్లు తలా ఒకటి చెబుతారు. లిఫ్టులో వచ్చినవాళ్లంతా ఒకటే చెబుతారు. మొన్న ఒకాయనకు నోట్లో ఒక్క పన్ను లేదు, ముద్దకు ముప్పై రెండుసార్లు నములుతాడట!"

నేను జిరాక్సు మిషను మూత కింద తల దూర్చి ఏదో వెతుకుతున్నట్టు నటించాను.

"నవ్వులాట కాదమ్మా" అంది ఆవిడ. "నా ప్రశ్నలకు తప్పు జవాబంటూ ఉండదు. నాలుగు గంటలే పడుకునే మనిషి ఏడు అన్నాడనుకో, నేను ఆయన నిద్ర సంగతి వదిలేసి మోకాలికి పట్టీ వేస్తూ కూర్చుంటాను. ఆరు నెలలు నా దగ్గరికి తిరిగి, ఈ వైద్యం పనిచెయ్యదంటాడు. అది ఆయన తప్పా, నాదా?"

ఎవరి తప్పో నాకు తెలుసు. చెప్పలేదు. అంతకన్నా పెద్ద సంగతి, వరస మారిందని తాతయ్యకూ చెప్పలేదు. చెబితే కొత్త వరస బట్టీ పట్టి పాసయ్యేవాడు. ఆయన పాసైతే ఏ మట్టిపట్టీయో పెట్టించుకుని మళ్లీ ఆ పెట్టెలోకి పోయి కూర్చుంటాడు. జీవితంలో మొదటిసారి, ఒక మనిషి ఫెయిల్ కావాలని మొక్కుకున్నాను. ఇద్దరం ఒకే మాటలో ఇరుక్కున్నాం. మాత్రల సంగతి ఆయన చెప్పలేడు, వరస మారిన సంగతి నేను చెప్పకూడదు. అమ్మమ్మ ఇచ్చిన మాత్రల సంచి మాత్రం నా భుజానికి వేలాడుతోంది.

ఆ రోజు వచ్చింది. లిఫ్టు ఆగింది కాబట్టి మెట్లెక్కాలి. రెండో అంతస్తుకు చేరేసరికి తాతయ్య గోడకు ఆనుకున్నాడు.

"ఈ నాలుగో అంతస్తు ఇంత పైనుందేమే?"

"నువ్వే కదా రోజుకు వందసార్లు వెళ్లొస్తావు!"

"నేనెప్పుడెళ్లాను? పెట్టె వెళ్లేది, నేను కూర్చునేవాణ్ని."

డాక్టరమ్మ గదికి పెద్ద కిటికీ ఉంది. తాతయ్య కుర్చీలో కూర్చుని, మోకాళ్లు దేనికీ తగలకపోయేసరికి, వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక దగ్గరగా చేర్చుకున్నాడు.

"ఈ అమ్మాయి లోపల ఉండాలా, బయట కూర్చోవాలా? మీ ఇష్టం పెద్దాయనా" అని అడిగింది డాక్టరమ్మ.

"ఉండనివ్వండమ్మా. కోతిని బయట వదిలితే మేడంతా చాటింపు వేస్తుంది." ఒక్క క్షణం ఆగి, "ఇక్కడ చెప్పింది... మూడో అంతస్తుకు?" అన్నాడు.

"ఈ గది దాటదు. మీరు చెప్పమంటే తప్ప నేను మీ ఇంట్లోవాళ్లకు కూడా చెప్పను." కాగితం ముందుకు జరుపుకుంది. "సరే, మొదలుపెడదామా? రోజూ కడుపు కదులుతుందా? ఎలా అవుతుంది?"

పాత కాగితంలో మొదటి ప్రశ్న నిద్ర. తాతయ్య వెన్ను నిటారుగా పెట్టి, తడుముకోకుండా చెప్పాడు:

"ఏడు గంటలండీ."

"ఏడు గంటలా!"

"ఏకధాటిగా. మధ్యలో మెలకువే రాదు."

డాక్టరమ్మ కలం ఆగింది. "నిద్ర ఎలా ఉంటుంది?"

"పన్నెండు గ్లాసులండీ. భోజనానికి ముందు కొన్ని, తర్వాత కొన్ని."

"నీళ్లు?"

"ముద్దకు ముప్పై రెండుసార్లు. తొందరపడను."

డాక్టరమ్మ కలం బల్ల మీద పెట్టేసింది. ముందు పెదవి కొరుక్కుంది, తర్వాత ఆగలేక నవ్వేసింది. కళ్లు తుడుచుకుంటూ, "దొరికారు మేష్టారు! ఇన్నాళ్లకు దొరికారు!" అంది. నేనూ పగలబడి నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ తాతయ్య చేతిని చూశాను. బల్ల అంచు మీద ఆయన కుడిచెయ్యి పిడికిలి బిగిసి, లేని పిడిని పట్టుకుని ఎడమకు తిప్పుతోంది. కిందికి పోదామని. నేను మాత్రల సంచిని ఒళ్లోకి లాక్కున్నాను.

డాక్టరమ్మ కూడా చూసినట్టుంది. కాగితం మడిచి పక్కన పెట్టింది.

"ఇది వదిలేద్దాం పెద్దాయనా. ఒక్కటే అడుగుతాను, ఇది కాగితంలో లేదు, లిఫ్టులో మీరు విసురుకునే ఆ కాగితం మీదా ఉండదు. నేనీ మేడకు వచ్చి ఆరేళ్లయింది. ఎప్పుడు గంట కొట్టినా మీరు వచ్చారు. ఒక్కసారి కూడా ఆగమనలేదు. మీరు బాత్రూమ్‌కు ఎప్పుడు వెళ్తారు?"

తాతయ్య కిటికీ వైపు చూశాడు.  ఆ పటంలో దీనికి జవాబు లేదు.

"వెళ్లనమ్మా" అన్నాడు చివరికి.

తర్వాత ఒక్కొక్కటే బయటికొచ్చింది. నీళ్లు తాగకపోవడం, ఆదివారం మాత్ర, జాలీ గడులు ఊగడం. నేను లేచి సంచి బల్ల మీద పెట్టాను. ఆయన వద్దనలేదు.

"ఆ మాత్ర వేసుకుంటే లేవాలమ్మా. లేస్తే లిఫ్టు ఆగుద్ది. ఆగితే ఎవరో ఒకరు పుస్తకంలో రాస్తారు. రాస్తే బటన్లది వస్తుంది. అప్పుడు నేను బయటుంటాను. బయటుండి ఏం చెయ్యాలో నాకు తెలీదు. లోపలుంటే ఊపిరాడట్లేదు."

డాక్టరమ్మ ఆయన చేతికి పట్టీ చుట్టి రక్తపోటు చూసింది. ఇంకోసారి చూసింది. రెండో చేతికి కూడా చూసింది. ఆమె ముఖంలో నవ్వు ఛాయ కూడా మిగల్లేదు.

"తల ఎప్పటి నుంచి నొప్పి? మాట తడబడుతోందా? చెయ్యి గానీ కాలు గానీ మొద్దుబారిందా?"

ఏ ప్రశ్నకూ ఆయన దగ్గర తయారుగా జవాబు లేదు. అందుకే అన్నీ నిజాలే చెప్పాడు.

"వినండి. ఇవాళ నేను ఆవిరి పెట్టను, మట్టి పెట్టను, ఏ ఆకూ ఇవ్వను. ఈ ప్రెషర్‌తో ఆవిరి గదిలో కూర్చోబెడితే నాకు బుద్ధి లేనట్టే. ఈ మాత్ర రాసిన డాక్టరు దగ్గరికి ఇప్పుడే వెళ్లండి. నేను చీటీ రాసిస్తాను. మాత్ర ఎందుకు మానేశారో ఆయనకు చెప్పండి, ఉన్నది ఉన్నట్టు. అది ఆయన సర్దుతారు. మాత్రలు మానమని నేనెవరికీ చెప్పను, నా దగ్గరికొస్తే మాత్రలుండవని మీతో ఎవరన్నారు?"

"నేనే అనుకున్నానమ్మా."

"ప్రెషర్ దారికొచ్చాక రండి. ఉప్పు, నడక, నిద్ర, అప్పుడు మాట్లాడుకుందాం. అదీ ఆ మాత్రతో పాటే."

మెట్లు దిగుతుంటే తాతయ్య అలకపూనాడు. "వచ్చినవాళ్లందరికీ ఆవిరీ మట్టీ, నాకు మాత్రం చీటీ. ఏం మనిషే!" అన్నాడు. అయినా చీటీని చొక్కా జేబులో పెట్టి, పైన చెయ్యి వేసి పట్టుకునే దిగాడు.

ఆసుపత్రి డాక్టరు చీటీ చదివి, తాతయ్య చెప్పింది విని, కసురుకున్నాడు. రెండు గంటలు మంచం మీద పడుకోబెట్టి మళ్లీ మళ్లీ ప్రెషర్ చూశాడు. మాత్ర మార్చాడు, వేళ మార్చాడు. "కానీ పెద్దాయనా, నీళ్లు తాగకుండా బతికించే మాత్ర ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. తాగాలి, వెళ్లాలి" అన్నాడు.

మేం తిరిగొచ్చేసరికి మెకానిక్ ఎప్పుడో వెళ్లిపోయాడు. లిఫ్టు తాళంతో నిలబడి ఉంది. దాని ముందు సెక్రటరీ గారు నిలబడి ఉన్నారు.

"గంటన్నర నుంచి మెట్లెక్కుతున్నాం. ఆసుపత్రికెళ్లారని జిరాక్సు కొట్టులో చెప్పారు కాబట్టి ఇవాళ ఊరుకుంటున్నాను పెద్దాయనా. రేపటి నుంచి ఇలా జరిగితే పుస్తకంలో నేనే రాస్తాను."

 తాతయ్య తాళం తీసి, స్టూలు మీద కూర్చుని, రెండు జాలీలూ లాగాడు.

ఇంట్లో సంగతంతా చెబితే అమ్మమ్మ మొదట తిట్టింది, తర్వాత ఏడ్చింది, ఆ తర్వాత మళ్లీ తిట్టింది. "ఇన్నేళ్లు ఉగ్గబట్టుకుని కూర్చున్నాడంటే, నామీద అలిగి మాట్లాడకుండా కూర్చోవడం ఈయనకో లెక్కా!" అంది. తాతయ్య గోడకు ఆనుకుని గ్లాసు పట్టుకున్నాడు. సగం తాగి ఆగాడు. తాగొచ్చా వద్దా అని ఆలోచించడం ఆయనకు అలవాటైపోయింది, ఇంట్లో కూడా. ఆ మిగతా సగం తాగడానికి ఎంతసేపు పట్టిందో నేను చెప్పను, పరువు పోతుంది.

మర్నాడు మోకాళ్ల పక్కన ఒక నీళ్ల సీసా పెట్టుకుని కూర్చున్నాడు. తొమ్మిదింటికి కాస్త తాగాడు. పదింటికి కాస్త. కొత్త పేషెంట్ ఒకాయన ఎక్కి, "లోపల ఏం చెప్పాలో మీరు చెబుతారటగా?" అని అడిగితే తాతయ్య పిడి తిప్పుతూ, "మీకేమయిందో నాకేం తెలుసు బాబూ. మీకు తెలిసింది మీరు చెప్పండి, తెలియనిది తెలియదనండి" అన్నాడట. ఆ పేషెంటే కిందికొచ్చాక నాతో చెప్పి వాపోయాడు, వట్టి చేతులతో పంపించాడని.

పదకొండున్నరకు లిఫ్టు కిందికొచ్చింది. జనం దిగారు. తాతయ్య జాలీ తెరిచి, గడప మీద ఒక కాలు బయట, ఒక కాలు లోపల పెట్టి నిలబడ్డాడు. నా వైపు చూశాడు. నేను మిషను ఆపేశాను. పైన ఎక్కడో గంట మోగింది. ఆయన కాలు లోపలికి పోయింది. మళ్లీ బయటికొచ్చింది. గంట ఇంకోసారి, ఈసారి గట్టిగా.

తాతయ్య జాలీ మూసి తాళం వేశాడు. తాళంచెవి జేబులో వేసుకుని, గోడ పట్టుకుంటూ, మేడ వెనకనున్న బాత్రూమ్ వైపు నడిచాడు. పరిగెత్తబోయి తమాయించుకున్నాడు. గంట మోగుతూనే ఉంది. ముగ్గురు నలుగురు లిఫ్టు ముందు పోగయ్యారు. మూడో అంతస్తు నుంచి సెక్రటరీ గారు మెట్లు దిగి వచ్చారు, చంకలో ఫిర్యాదుల పుస్తకంతో సహా.

"ఏడీ పెద్దాయన?"

"బాత్రూమ్‌కు వెళ్లాడండీ" అన్నాను.

"డ్యూటీలోనా?"

"బాత్రూమ్‌కు డ్యూటీ సంగతి తెలీదండీ."

ఆయన నన్ను చూసిన చూపుకు మిషనులో కాగితం ఇరుక్కున్నా ఆశ్చర్యం లేదు. పుస్తకం తెరిచి, కలం తీశారు. అంతలో తాతయ్య చేతులు తువ్వాలుకు తుడుచుకుంటూ వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. పుస్తకం చూశాడు, కలం చూశాడు. జేబులోని తాళంచెవి తీశాడు.

"పెద్దాయనా, నేను రాయక తప్పదు. ఇంతమంది నిలబడ్డారు."

"రాయండి బాబూ" అన్నాడు తాతయ్య. "వేళ కూడా వెయ్యండి, పదకొండున్నర. మళ్లీ రెండింటికి ఒకసారి వెళ్తాను, ఐదింటికి ఒకసారి. ఆ రెండూ కూడా ఇప్పుడే రాసేసుకోండి, మీకు మెట్లు దిగే పని తప్పుద్ది."

ఎవరూ నవ్వలేదు. సెక్రటరీ గారి కలం కాగితం మీద ఆగి ఉంది. ఆయన రాశారో లేదో నేను నిలబడ్డ చోటు నుంచి కనిపించలేదు. తాతయ్య స్టూలు మీద కూర్చుని, సీసా మూత తీసి, అందరూ చూస్తుండగా గటగటా తాగి, "ఎవరు ఏ అంతస్తు?" అని అడిగాడు.